ఉద్యోగం పోయాక ఈఎస్ఐ భృతి దరఖాస్తు ఎందుకు ఆగిపోతుంది?

కంపెనీ తీసేసింది, ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉంది, అయినా నిరుద్యోగ భృతి దరఖాస్తు కదలడం లేదన్నారు. మీరు చెబుతున్నది 2018 జులైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2020లో సడలించిన నిబంధనల ప్రకారం సగటు రోజు సంపాదనలో 50 శాతం, గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత దరఖాస్తు చేయవచ్చు. గడువు ముగిసినప్పుడల్లా పథకాన్ని పొడిగిస్తూ వచ్చారు కాబట్టి, ఇప్పుడు అమల్లో ఉందో లేదో ముందుగా ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయంలో అడగండి.

మొదట చూడాల్సింది మీ చందాల చరిత్ర, అంటే మీ పేరున ఈఎస్ఐకి జమైన సొమ్ము వివరాలు. ఉద్యోగం పోవడానికి ముందరి చందా కాలంలో (ఈఎస్ఐ లెక్కించే ఆరు నెలల వ్యవధి) కనీసం 78 రోజుల చందా జమై ఉండాలి. జీతంలోంచి చందా కోసినంత మాత్రాన అది ఈఎస్ఐకి చేరినట్టు కాదు! చేరకపోతే తప్పు యజమానిది. ఆ నష్టాన్ని మీరు మౌనంగా భరించకండి. జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి బ్రాంచి మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాట ఫిర్యాదుకు ఆధారం మిగలదు.

యజమాని మీ చివరి పనిదినాన్ని రికార్డులో నమోదు చేయకపోయినా ఇదే దారి. ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందో కూడా చూసుకోండి.

దరఖాస్తుపై యజమాని సంతకం కోసం తిరగనక్కర్లేదు, నేరుగా బ్రాంచిలో ఇవ్వవచ్చు. అక్కడ స్పందన లేకపోతే ప్రాంతీయ కార్యాలయానికి, ఆపై కేంద్ర ప్రభుత్వ సీపీగ్రామ్స్ పోర్టల్‌కు ఫిర్యాదు చేయండి.