ఆరు నెలల తర్వాత కూడా టీటీజీ పాజిటివ్ వస్తే

సీలియాక్ జబ్బు (గోధుమ, బార్లీ లాంటివాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) కోసం గ్లూటెన్ మానేసి ఆరు నెలలైనా, దానికి చేసే యాంటీబాడీ రక్త పరీక్ష టీటీజీ ఐజీఏ ఇంకా పాజిటివ్ అనే వచ్చిందని, డైట్ పనిచేయడం లేదేమోనని అడిగారు కదా. టెన్షన్ పడకండి. ఇక్కడ పాజిటివ్, నెగటివ్ కన్నా అంకె ఎటు కదులుతోందన్నదే ముఖ్యం. మొదట్లో బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు మామూలు స్థాయికి రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు కూడా పడుతుంది. మీది సగానికి పైగా తగ్గిందంటే దారి సరైనదే.

ఒక్క జాగ్రత్త: ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. కిట్ మారితే యూనిట్లు, హద్దులు మారిపోతాయి, పోల్చి చూసినా అర్థం ఉండదు. మొత్తం ఐజీఏ (ఈ టెస్ట్ ఆధారపడే యాంటీబాడీ రకం) ఒంట్లో ఎంతుందో ఎప్పుడైనా చూశారా? అది పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకు ఈ టెస్ట్ జబ్బున్నా నెగటివ్ చూపించి మోసం చేస్తుంది. వాళ్లకు డీజీపీ ఐజీజీ లాంటి వేరే రకం యాంటీబాడీ పరీక్షలు చూస్తారు.

అంకె తగ్గకుండా ఆగిపోయినా, మళ్లీ పెరిగినా తెలియకుండా గ్లూటెన్ లోపలికి వెళ్తోందేమో వెతకాలి. సాస్‌లు, మందు బిళ్లలు, ఇంట్లో అందరూ వాడే పిండి జల్లెడ (దీన్ని చాలామంది మర్చిపోతారు). అయితే నెగటివ్ వచ్చినంత మాత్రాన పేగు పూర్తిగా మానిందని కాదు. అందుకే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డీ, థైరాయిడ్ కూడా చూడమని డాక్టర్‌ని అడగండి.