అర అంగుళం నట్టు

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆటోనగర్‌లో షటర్ అద్దెకు తీసుకున్నావట, పాత పికప్ బళ్ల సామాను అమ్ముతావట, అడ్వాన్స్ కూడా ఇచ్చేశావట. ముప్ఫై ఏళ్లు ఆ వీధుల్లోనే చేతులు నల్లగా చేసుకున్న మేనమామ ఒకడు వనస్థలిపురంలో ఉన్నాడని గుర్తు రాలేదా? కోపం వచ్చిన మాట నిజం. తర్వాత మీ అత్త చూడకుండా బాల్కనీలోకి పోయి కాసేపు నవ్వుకున్న మాటా నిజం. మన ఇళ్లల్లో పానా పట్టిన ఆడపిల్లవి నువ్వొక్కదానివే.

ఫోన్లో చెబితే "సరే మామయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గిరాకీ వస్తే ముందు ఆర్సీ అడుగు. అందులో బండి తయారైన నెల, సంవత్సరం చూడు, రిజిస్ట్రేషన్ తేదీ కాదు. డిసెంబర్‌లో తయారైన బండి మార్చిలో రోడ్డెక్కితే ఓనరు మార్చి మోడలే అంటాడు. సామాను మీద అచ్చు ఉన్న పార్ట్ నంబర్ రాసుకో, చివరి అక్షరంతో సహా. పోతలో వచ్చిన నంబర్ వేరు, పార్ట్ నంబర్ వేరు. వెనక యాక్సిల్లో చక్రాల్ని తిప్పే పళ్ల జత, అదే క్రౌన్, పినియన్, ఎప్పుడూ జతగానే అమ్ము, పళ్లు లెక్కపెట్టాకే: 41కి 9 అయితే 4.56, 37కి 9 అయితే 4.11. బయటి నుంచి చూస్తే రెండు హౌసింగ్‌లూ ఒకేలా ఉంటాయి.

ఇంజిన్ దగ్గర మాత్రం సంవత్సరాన్ని నమ్ముకోకు. బండి పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దు బీఎస్ 4, హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో వచ్చింది 2010 ఏప్రిల్‌లో. దేశమంతటికీ వచ్చేసరికి 2017 ఏప్రిల్ అయింది. అంటే ఆ మధ్య ఏళ్లలో, ఒకే ఏడాది ఇక్కడ కొన్న బండీ జిల్లాలో కొన్న బండీ లోపల వేరు కావచ్చు. పంపు, వైరింగ్ చూడందే మాట ఇవ్వకు. డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్ అయితే దాని తల మీద ఉండే కోడ్ స్కానర్‌తో ఎక్కించాలని చెప్పే అమ్ము. లేకపోతే బండి పొగ వదిలిన ప్రతిసారీ నీ షాపు ముందుకే వస్తారు. అయినా అవన్నీ డబ్బు నష్టాలు, పోతే పోతాయి. నాకు నిద్ర పట్టనిది చక్రాల సంగతి.

1998 ఆగస్టు. నల్లగొండ నుంచి కొత్తపేటకు బత్తాయిలు తోలే ఒకాయన పికప్‌కు వెనక ఎడమ చక్రాన్ని తిప్పే కడ్డీ, యాక్సిల్ షాఫ్ట్, విరిగింది. సీజన్, రోజుకో ట్రిప్పు, సాయంత్రానికి బండి కావాలన్నాడు. ఆ మోడల్‌ది దొరకలేదు, తర్వాతి మోడల్‌ది దొరికింది. నేనేం తక్కువ జాగ్రత్తపడలేదే తల్లీ. రెండూ పక్కపక్కన పెట్టి పొడుగు చూశాను. కొసన ఉండే గాడి పళ్లు, స్ప్లైన్లు, రెండుసార్లు లెక్కపెట్టాను. బేరింగ్ కూర్చుంది, డ్రమ్ కూర్చుంది. చక్రం నట్లు ఎక్కే మర కడ్డీలు, స్టడ్లు, ఐదే, పాత రిమ్ములో చక్కగా దూరాయి. పాత నట్లే వేశాను. ఎంత తేలిగ్గా ఎక్కాయో! చేత్తోనే చివరిదాకా తిరిగాయి. మన చేతి మహిమ అనుకున్నాను.

బిగించేటప్పుడు మూడో నట్టు కొంచెం జారినట్టు అనిపించింది. చేతికి తెలిసింది. తెలిసీ, పానా మీద కాలు పెట్టి ఇంకాస్త తొక్కాను. ఆయన అవతల డబ్బులు లెక్కపెడుతున్నాడు.

ఖాళీగా వెళ్లింది, ఏమీ కాలేదు. లోడుతో తిరిగొస్తుంటే చౌటుప్పల్ దగ్గర చక్రం ఊడింది. ఊడిన చక్రం ఆగదు బుజ్జీ. బండి కంటే ముందు పోయింది. రోడ్డు దాటి ఒక టీ బడ్డీ వైపు దూకింది. అక్కడ బల్ల మీద కూర్చున్న పెద్దాయన సరిగ్గా అప్పుడే గ్లాసు ఇవ్వడానికి లేచాడట. బల్ల ముక్కలైంది. నేను స్కూటర్ మీద వెళ్లేసరికి ఆయన ఇంకా ఆ గ్లాసు పట్టుకునే నిలబడి ఉన్నాడు. రోడ్డంతా బత్తాయిలు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సంగతేమిటంటే, పాత మోడల్ స్టడ్డు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. తర్వాతి మోడల్‌ది 12. అంగుళానికి 20 మరలంటే మరకీ మరకీ మధ్య 1.27, అవతలిది 1.25. మర ఇంచుమించు ఒకటే కాబట్టి నట్టు హాయిగా ఎక్కుతుంది. కానీ అంచుల్నే పట్టుకుని ఉంటుంది. బిగిస్తే అవి చెరిగిపోతాయి. కళ్లకు తెలియని తేడా, మందం కొలిచే వెర్నియర్ పెడితే అర నిమిషంలో తేలేది. నా వెర్నియర్ ఆ రోజు డ్రాయర్లో ఉంది. అప్పటి నుంచి జేబులోనే. మీ అత్త ఎన్ని చొక్కా జేబులు కుట్టిందో అడుగు.

అందుకని హబ్బు గానీ యాక్సిల్ గానీ నీ చేతి మీదుగా పోతే, దాని నట్లు దానితోనే ఇవ్వు. స్టడ్డుకు వెర్నియర్, మరల ఎడం చూడ్డానికి పిచ్ గేజ్ పెట్టు. నట్టు నాలుగు చుట్లు ఎక్కించి వేళ్లతో ఊపు, లూజుగా కదిలితే అక్కడే ఆపు. రిమ్ము మారినా నట్టు మూతి దాని గుంటలో సరిగ్గా కూర్చోవాలి: నీలిమందులో కాస్త గ్రీజు కలిపి మూతికి రాసి బిగించి విప్పు, రిమ్ము గుంటలో నిండు గుండ్రం పడాలి. సగం గీతే పడితే ఆ జత వద్దు. ఎంత తొందరపెట్టినా, ఎంత ఎక్కువిచ్చినా వద్దు. అరుస్తారు, అరవనీ. ఆడపిల్లకేం తెలుసు అని కూడా అంటారు. వాళ్ల ముందే కొలిచి చూపించు, వాదించకు.

బ్రేకు సామాను సంగతి ఈ కాగితంలో పట్టదు. ఆదివారం పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా ఒక్క వీల్ సిలిండర్ కూడా అమ్మకు. వచ్చేటప్పుడు పాత వెర్నియర్ తెస్తాను. నువ్వు మెరిసే డిజిటల్‌ది కొనే ఉంటావు, నాకు తెలుసు, అదీ ఉండనీ. షటర్‌కు రెండో తాళం వేయించు. టిఫిన్ తినకుండా షాపు తెరవకు.

మామయ్య