హికరీ కర్రతో బంతి కుడికి పోతుంటే

స్కాట్లండ్‌లోని మసెల్‌బరా ఓల్డ్ లింక్స్‌లో పాతకాలం హికరీ చెక్క కర్రలున్న క్లబ్బులతో గోల్ఫ్ ఆడబోతున్నానని, ప్రాక్టీసులో బంతి అస్తమానం కుడికే పోతోందని, కర్ర విరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. నాకు తెలిసి ఇది ఎక్కువగా వేగంతో వచ్చే ఇబ్బందేనండి. హికరీ షాఫ్ట్, అంటే క్లబ్ కర్ర, ఉక్కుదానికన్నా బాగా మెలి తిరుగుతుంది. బలంగా లాగి కొడితే క్లబ్ తల వెనకబడి, బంతిని కొట్టే ముఖం కుడివైపు తెరుచుకునే బంతికి తగులుతుంది. అందుకే క్లబ్ పైకెత్తాక ఒక్క క్షణం ఆగి, నిదానంగా కిందికి తీసుకురండి. ముప్పాతిక స్వింగ్ చాలు. తక్కువ కంప్రెషన్ ఉన్న మెత్తటి బంతి వాడితే కర్రకూ చేతికీ అదురు తగ్గుతుంది. ప్రాక్టీస్ మ్యాట్ మీద మాత్రం దయచేసి కొట్టకండి, పచ్చిక మీదే కొట్టండి.

పాతకాలం క్లబ్బుల్లో మాషీ అనేదాన్ని ఇంచుమించు ఇప్పటి 5 ఐరన్ క్లబ్ అనుకోండి, నిబ్లిక్‌ని 9 ఐరన్. గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టి పచ్చిక ఉండే చోటు) దగ్గరికొచ్చాక బంతిని గాల్లోకి లేపకుండా మాషీతో నేల మీద దొర్లించండి. 1874 నుంచి 1889 వరకు 6 సార్లు బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీ జరిగిన 9 హోళ్ల కోర్సు అది, ఆ ఆట అక్కడ ఎంత బాగుంటుందో!

కోర్సు గుర్రప్పందేల ట్రాక్ లోపల ఉంది. బుక్ చేసేముందు ఆ రోజు రేసులు లేవని కనుక్కోండి.