రైలు ఎక్కడ ఆగాలో తేల్చబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

శ్రీకాళహస్తి నుంచి చిత్తూరు దాకా ప్రాంతీయ రైలు నడపాలంటే స్టేషన్లు ఎక్కడెక్కడ ఉండాలో, తిరుపతి విమానాశ్రయాన్ని దానికి ఎలా కలపాలో ప్రాథమిక నివేదిక రాసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన పటం చూశాను. ప్రతి 5 కిలోమీటర్లకూ ఒక చుక్క పెట్టావు. ఆ చుక్కలన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఈ పొరపాటే చేశాను. ఒక బ్రాంచి లైనులో రెండు స్టేషన్లకు సరిగ్గా నడుమ హాల్టు ఉండాలని స్కేలు పెట్టి గుర్తు గీశాను. హాల్టు కట్టారు, పసుపు రంగు పేరుబోర్డు నిలబెట్టారు, ఎక్కేవాళ్లు మాత్రం రాలేదు. ఊరు వంకకు అవతల ఉంది; వంక పారినప్పుడు చుట్టు తిరిగి రావాలి, అంత దూరం నడవగల మనిషి దారిలో తగిలే బస్సు ఎక్కుతాడు గానీ పట్టాల దాకా ఎందుకు వస్తాడు? కాబట్టి పటం మీది దూరం కన్నా ముందు, ఊరి నడిబొడ్డు నుంచి పది నిమిషాల్లో నడిచి రాగల చోటు ఏదో వెదుకు.

ఆ తరువాత, బండి ఒక్కసారి ఆగితే ఎంత కాలం పోతుందో లెక్క కట్టు. గంటకు 100 కి.మీ. వేగంతో పోయే బండి ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు అర మీటరు చొప్పున తగ్గించుకుంటే ఆగడానికి 56 సెకన్లు, మళ్లీ ఆ వేగం అందుకోవడానికి మరో 56 సెకన్లు పడతాయి; ఈలోగా సాగిన ఒకటిన్నర కిలోమీటరును ఆగని బండి 56 సెకన్లలోనే దాటేస్తుంది. నిలిచే సమయం కూడా కలిపితే ఒక్కో స్టేషనుకు ఒకటిన్నర, రెండు నిమిషాలు పోయినట్టే. పది హాల్టులు అదనంగా చేరిస్తే చిత్తూరులో ఎక్కినవాడికి పావుగంటకు పైనే నష్టం. వేగం 160 అయితే అందుకోవడానికీ తగ్గించుకోవడానికీ కలిపి సుమారు 4 కి.మీ. కావాలి, అంతకన్నా దగ్గరగా స్టేషన్లు పెట్టి 160 వేగమని రాస్తే చదివేవాళ్లు నవ్వుతారు. ఢిల్లీ–మీరట్ మధ్య 82 కి.మీ. మార్గంలో నమో భారత్ అనే వేగపు ప్రాంతీయ బండ్లకు దూరదూరంగా స్టేషన్లు పెట్టి, మీరట్ నగరంలో అవే పట్టాల మీద దగ్గర దగ్గరగా ఆగే మెట్రోను వేరే నడిపేలా కట్టడానికి కారణం ఇదే.

మన దారిలోనూ ఎడం ఒకే తీరుగా ఉండనక్కర్లేదు. తిరుపతి వెస్ట్, తిరుపతి, తిరుచానూరు, రేణిగుంట దగ్గర దగ్గరగా ఉన్నా ఫరవాలేదు, అక్కడ జనం ఉన్నారు. చంద్రగిరి దాటాక పల్చన చెయ్యి. ధర్మవరం లైను చీలే పాకాలలో మాత్రం ప్రతి బండీ ఆగాలి. పీలేరు, మదనపల్లె వైపు వాళ్లు మారేది అక్కడే. పైగా ఒంటి లైను మీద ఎదురుబండి కోసం కాచుకుంటే పోయే కాలం, హాల్టుల్లో పోయే కాలాన్ని మించిపోతుంది. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కి.మీ. డబ్లింగుకు, అంటే రెండో లైను వెయ్యడానికి, కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది కనుక, టైంటేబుల్‌ను ఇప్పటి లైనుకు ఒకటి, జంట లైనుకు ఒకటి, విడివిడిగా వెయ్యి.

ఇక విమానాశ్రయం. నువ్వు రేణిగుంట నుంచి దానికి ప్రత్యేకంగా ఒక శాఖ గీశావు. చూడడానికి ముచ్చటగానే ఉంది, కానీ నేను ఒప్పుకోను. విమానాశ్రయం గూడూరు లైనుకూ అరక్కోణం లైనుకూ నడుమ పడింది. శాఖ వేస్తే అరగంటకొకటి నడిచే బండ్లలో సగం అటు మళ్లాలి, అప్పుడు శ్రీకాళహస్తికీ, విమానాశ్రయానికీ కూడా గంటకొక బండే మిగులుతుంది. ఎదురుచూపు సగటున 15 నిమిషాల నుంచి 30కి పెరుగుతుంది. రేణిగుంటలో రైలు వేళకు సిద్ధంగా నిలబడే బస్సుకు, అదే టిక్కెట్టు మీద, అంత కాలం పట్టదు. చెన్నైలో తిరుసూలం స్టేషను విమానాశ్రయానికి ఎదురుగా, రోడ్డుకు అవతలే ఉంది. సబర్బన్ బండ్లు తమ దారిన పోతూనే అక్కడ ఆగుతాయి. జ్యూరిక్‌లో 1980లో విమానాశ్రయం కిందనే స్టేషను కట్టి, నగరాల మధ్య నడిచే బండ్లనే దాని గుండా పోనిచ్చారు. దారి మధ్యలో స్టేషను పడితే అందరికీ లాభం, దారి తప్పించి కొసన పెడితే బండ్లు చీలిపోతాయి. భవిష్యత్తు కోసం స్థలం అట్టిపెట్టమని రాయి, అంతే.

ప్రయాణికుల సంఖ్య రాసేటప్పుడు విమానం దిగిన యాత్రికులందరినీ రైలు ఖాతాలో వెయ్యకు. చంటిపిల్లతో, రెండు సూట్‌కేసులతో దిగిన కుటుంబం కారెక్కి నేరుగా అలిపిరి వైపే పోతుంది. రైలు వాళ్లను కొండ ఎక్కించదు కదా. రోజూ ఎక్కేది విమానాశ్రయంలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల షిఫ్టు ఎన్నింటికి మొదలవుతుందో, ఎన్నింటికి ముగుస్తుందో అడిగి తెలుసుకో. తెల్లవారుజామున బండి లేకపోతే వాళ్లు బైకే కొనుక్కుంటారు.

ఈ ఆదివారం చిత్తూరు నుంచి రైల్లోనే రా, నిండు సూట్‌కేసుతో. నేను రేణిగుంట ప్లాట్‌ఫాం మీద ఉంటాను. అక్కడ ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగి, విమానాశ్రయం గేటు దాకా ఎన్ని నిమిషాలు పడుతుందో ఇద్దరం కలిసి చూద్దాం. గడియారం నేను తెస్తాను, పెట్టె మాత్రం నువ్వే మోయాలి.

ఇట్లు,
నీ మేనమామ