వేళ్ళు చూస్తుండు తల్లీ

చిట్టితల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మన కవిటి పిల్లలకు కబడ్డీ నేర్పుతావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత పొంగిపోయానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పడేటప్పుడు ఏ పిల్లయినా చెయ్యి చాచి ఆనిస్తుంది, దాంతో మోచేతికి కాస్త పైన ఎముక విరుగుతుంది. అయిదు నుంచి ఏడేళ్ళ వాళ్ళకు ఇది మరీ ఎక్కువ.

మోచెయ్యి వాచి, వంకరగా కనిపించి, పిల్ల దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఎవరినీ ముట్టుకోనివ్వకపోతే విరిగిందనే అనుకో. లాగకు, సరిచెయ్యకు. ఉన్న వంపులోనే మడతపెట్టిన పేపరు ఆనించి, తువ్వాలుతో వదులుగా కట్టు. గాజులు తీసెయ్యి. ఆపరేషన్ పడొచ్చు, ఏమీ తినిపించకు. 108కి ఫోన్ చెయ్యి. శ్రీకాకుళం సర్కారు పెద్దాసుపత్రి రిమ్స్‌కి పంపితే దూరమని వెనకాడొద్దు.

మీ చినతాతయ్య కుడిచేతి వేళ్ళు గద్దగోళ్ళలా ముడుచుకుని ఉంటాయి కదా, అది పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు జీడిచెట్టు మీంచి పడ్డాడు. మా నాన్న కట్టు కట్టే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్తే, వెదురు బద్దలు పెట్టి బిగించేశాడు. రాత్రంతా 'వేళ్ళు మండిపోతున్నాయి' అని వాడొకటే ఏడుపు. 'కట్టు నొప్పిరా, ఓర్చుకో' అన్నారు. తెల్లారేసరికి వేళ్ళు పాలిపోయి చల్లబడ్డాయి, ఏడుపూ ఆగింది. నొప్పి తగ్గిందని మా అమ్మ సంబరపడింది. తగ్గడం కాదు తల్లీ, నరాలకు స్పర్శ పోయింది. లోపల వాపు, పైన బిగింపు, మధ్యలో కండకు రక్తం అందక ఆరు గంటల్లోనే చచ్చుబడటం మొదలవుతుంది. ఫోల్క్‌మన్ అనే జర్మన్ డాక్టరు 1881లోనే రాసిన సంగతిది. నర్సు ట్రైనింగులో చెబుతుంటే క్లాసులోనే ఏడ్చేశాను.

అందుకే దారి పొడవునా వేళ్ళు చూస్తుండు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రబడాలి. వేలు మెల్లగా చాపితే పిల్ల కెవ్వుమన్నా, తిమ్మిరన్నా కట్టు వదులు చేసి డాక్టరుకు ముందు అదే చెప్పు. పిండికట్టు వేశాక ఇంట్లో ఇలా అయినా ఆ రాత్రే పరుగెత్తమను, తెల్లారేదాకా ఆగొద్దు.

ఆపరేషన్లో ఎముకకు పిన్నులు వేస్తే మామూలుగా మూడు నాలుగు వారాలకు తీస్తారు. తరవాత పిల్లే ఆడుకుంటూ వంచుకుంటుంది. నూనె పెట్టి తోమితే కండలో ఎముక పేరుకునే ప్రమాదముంది. నాయనమ్మలు ఊరుకోరు, నువ్వేమో ఎవరేం చెప్పినా తలూపుతావు. ఈ ఒక్కదానికి మొండికెయ్యి నా తల్లీ.

ఆట మొదలెట్టే ముందే గట్టినేల తవ్వించి ఇసుక కలిపించు. డబ్బు మీ అమ్మకి పంపాను, వద్దనకు.

ఇట్లు
మీ అమ్మమ్మ