ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు చూసి 15 లక్షలు అప్పు చేయాలా?

మా ఊరి దగ్గర కన్వీనర్ సీటు (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకుని బట్టి వచ్చేది) ఉంది, అయినా మంచి ర్యాంకున్న ప్రైవేట్ యూనివర్సిటీకి 15 లక్షల లోన్‌తో బాబుని పంపాలా అని మీరు అడిగారు. ర్యాంకు ఒక్కటే చూసి మాత్రం వద్దండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అంటే కేంద్ర విద్యాశాఖ కాలేజీలకి ఇచ్చే ర్యాంకులు. దాని ఇంజనీరింగ్ లెక్కలో 100కి 30 మార్కులు పరిశోధన వైపే, ఇంకో 10 బయట ఉన్న పేరుకి. మీ బాబుకి ఫస్టియర్ మ్యాథ్స్ ఎవరు, ఎలా చెబుతారో అందులో కనపడదు.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ సైట్‌లోనే ఒక్కో కాలేజీ ఇచ్చిన డేటా పీడీఎఫ్ ఉంటుంది, అది తెరిచి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం (అందరి జీతాలూ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండేది) ఎంత అన్నది చూడండి. బ్రోచర్ మీద వేసే హయ్యెస్ట్ ప్యాకేజీ ఏ ఒక్కరిదో, ఉద్యోగం వచ్చినవాళ్లలో సగం మందికి మీడియన్ కంటే తక్కువే వస్తుంది. ఆ అంకెలు కాలేజీలు తామే ఇస్తాయి కాబట్టి అదే బ్రాంచి సీనియర్లని కూడా అడగండి.

10 శాతం వడ్డీకి 15 లక్షలంటే పదేళ్ల పాటు నెలకు దాదాపు 20 వేల ఈఎంఐ, అదీ చదివే నాలుగేళ్ల వడ్డీ కలపకుండానే. పైగా 7.5 లక్షలు దాటితే బ్యాంకులు తనఖా అడగొచ్చు. ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే నేనైతే కన్వీనర్ సీటే తీసుకోమంటాను.