ఉడుత పన్ను బయటికి పెరిగితే నెయిల్ కట్టర్‌తో కత్తిరించవచ్చా?

అనంతపురంలో మీ పెరటి వేపచెట్టు మీది ఉడుతకు కింది పన్ను ఒకటి నోట్లోంచి బయటికి వచ్చి ముక్కు వైపు వంగిందని రాశారు. పట్టుకుని నెయిల్ కట్టర్‌తో కత్తిరించవచ్చా, లేక గట్టి గింజలు వేస్తే దానంతట అదే అరుగుతుందా అని అడిగారు. కత్తిరించవద్దు. గింజలతో అరగదు. కత్తిరించే తప్పు నేను స్వయంగా చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది ప్రొద్దుటూరు. మూడేళ్ళ కిందట మేడ మెట్ల దగ్గర పిల్లి నోట్లోంచి ఒక మూడు చారల ఉడుతను విడిపించాం. పై పళ్ళు రెండూ చిగురు దాకా విరిగిపోయాయి. వీపు మీది గాయం వారంలో ఆరింది, ఇక ఫరవాలేదనుకున్నాం. ఆ తరువాత వేరుశనగ కాయ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తిప్పేది, నోటికి ఆనించేది, మళ్ళీ తిప్పేది. కాయ పగిలేది కాదు. గడ్డం కింద బొచ్చు ఎప్పుడూ తడిగా ఉండేది. మా ఊళ్ళో బంగారం తూచే కాటాలకు కొదవ లేదు గనక, పక్క వీధి కొట్టాయన దాన్ని గుడ్డసంచితో సహా తూచి, సంచి బరువు తీసేసి 68 గ్రాములన్నాడు. ఈ జాతిలో ఎదిగిన ఉడుత వంద గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది.

అప్పుడు గానీ నోరు తెరిచి చూడాలని తోచలేదు. కింది పళ్ళు కొడవలి మొనల్లా పైకి లేచాయి, ఒకటి పై చిగురులో గుచ్చుకుంటోంది. తువ్వాలులో చుట్టి, కట్టర్ పెట్టి నొక్కాను. నేను అడ్డంగా కోశాను, పన్ను మాత్రం ఎండు వెదురులా నిలువునా చీలింది. చీలిక చిగురు లోపలికి దిగి, అక్కడ ఒక ఎర్రటి చుక్క కనిపించింది. పన్ను లోపలి మెత్తటి భాగం బయటపడితే అక్కడ చీము పట్టి దవడ దాకా పాకుతుందని మరునాడు పశువైద్యుడు చెప్పారు. ఆయన తిట్టలేదు. ఆ కట్టర్ ఎలా ఉందో చూపించమని మాత్రం అడిగారు, అది తిట్టుకన్నా ఎక్కువే అనిపించింది.

ఎలుక, ఉడుత, పందికొక్కు వంటి వాటికి పైన రెండు, కింద రెండు ముందుపళ్ళుంటాయి. బడి పుస్తకాల్లో వీటినే కుంతకాలంటారు. ఇవి బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, వారానికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. ముందు వైపు మాత్రమే గట్టి ఎనామిల్ పూత ఉంటుంది, వెనకవైపు కాస్త మెత్తన. పైదీ కిందదీ ఒకదానితో ఒకటి రాచుకున్నప్పుడు వెనకభాగం ముందుగా అరిగి, ముందు అంచు ఉలిలా పదునుగా నిలుస్తుంది. అంటే ఉలి, సాన రెండూ ఆ పళ్ళే. జత పన్ను విరిగినా, దెబ్బకు దవడ పక్కకు జరిగినా రాపిడి ఆగిపోతుంది, పెరుగుదల మాత్రం ఆగదు. పైవి లోపలికి చుట్టుకుని అంగిట్లో దిగుతాయి, కిందవి బయటికి పొడుచుకు వస్తాయి. కొరకలేని నోటికి ఎంత గట్టి గింజ ఇచ్చి ఏమి లాభం?

అయితే కంగారు పడకముందు ఒక మాట. ముందు వైపు పసుపు, నారింజ రంగు ఉండటం రోగం కాదు, ఎనామిల్‌లోని ఇనుము వల్ల వచ్చే రంగు అది. కింది పళ్ళు పైవాటికన్నా బాగా పొడవుగా ఉండటమూ మామూలే. కింది దవడ రెండు భాగాలు ముందు వైపు ఎముకగా అతుక్కుపోయి ఉండవు కాబట్టి ఆ రెండు పళ్ళ మధ్య సందు కనిపించినా భయం లేదు. మీరు చెప్పినట్టు నోరు మూసినా పన్ను బయటే ఉందంటే మాత్రం అది నిజంగా దారి తప్పిన పన్నే.

మా డాక్టరుగారు కాసేపు మత్తిచ్చి, పళ్ళ వైద్యులు వాడే చిన్న తిరుగుడు చక్రంతో కోశారు. నాలుకకు తగలకుండా సన్నటి చెంచా అడ్డుపెట్టారు. కాలిన కొమ్ము వాసన ఒక్కసారి గుప్పుమంది, అర నిమిషంలో పని అయిపోయింది. మూడు వారాలకోసారి, అలా మూడుసార్లు. ఈలోగా పై పళ్ళు మళ్ళీ మొలిచాయి, ఒకటి నిటారుగా, రెండోది కొద్దిగా వాలుగా. నాలుగోసారి ఆయన చూసి కోయకుండానే పంపేశారు, అప్పటికే పళ్ళు ఒకదాన్నొకటి అరగదీసుకుంటున్నాయి. ఇంకో పక్షం తరువాత కాటా 97 చూపింది, దాన్ని దొరికిన చోటే వదిలేశాం.

మా ఉడుతకు పై పళ్ళ మొదళ్ళు చెడలేదు, అదృష్టం అంతే. దవడ ఎముక విరిగి వంకరగా అతుక్కుంటే పళ్ళు మళ్ళీ జత కలవవు. అప్పుడు జీవితాంతం మూడు నాలుగు వారాలకోసారి కోయించాలి, చెట్టు మీదికి వదిలితే ఆకలితో చస్తుంది. అలాంటప్పుడు కొందరు వైద్యులు నొప్పి లేకుండా ప్రాణం తీయడమే మేలంటారు. నేను వాళ్ళను కఠినాత్ములని అనను.

డాక్టరు దొరికేదాకా చల్లటి చీకటి మూలలో పెట్టెలో ఉంచండి. మెత్తగా చిదిమిన అరటిపండు, సపోటా, చిక్కటి రాగిజావ చెంచాతో దగ్గర పెడితే నాకుతుంది. సిరంజితో నోట్లోకి చిమ్మవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీ అనంతపురంలో వేరుశనగకు కరువు లేదు కాబట్టి అందరూ అదే పెడతారు, కానీ అందులో కాల్షియం తక్కువ. పిల్ల ఉడుతను గింజల మీదే పెంచితే దవడ ఎముకే పలచబడుతుంది. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. అటవీ శాఖ వారికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. దగ్గర్లో ఎవరూ చూడమంటే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, ముందుగా ఫోను చేసి రండి.

అన్నిటికన్నా ముందు, పట్టుకోకుండానే ఒకటి చూడండి. రేపు పొద్దున అది వెనక కాళ్ళ మీద లేచి ఏదైనా కొరకబోయినప్పుడు ఫోనులో వీడియో తీసి, పై పళ్ళు రెండూ ఉన్నాయో లేదో చెప్పండి. డాక్టరు మిమ్మల్ని మొదట అడిగేదీ అదే.